ఇంటిపై మరో అంతస్తు: ఇరుగుపొరుగు అభ్యంతరాలను పరిష్కరించుకోవడం ఎలా?

(ప్రత్యేక వ్యాసం)

పట్టణ ప్రాంతాలలో ఇంటి స్థలాల ధరలు సామాన్యునికి అందనంతగా పెరిగిన నేపథ్యంలో, ఉన్న ఇంటినే విస్తరించుకోవడం అనేక కుటుంబాలకు మిగిలిన ఏకైక మార్గంగా మారినది. కుమారుని వివాహం, వృద్ధులైన తల్లిదండ్రుల వసతి, నెల నెలా కొంత అద్దె రాబడి – కారణం ఏదైనప్పటికీ, డాబాపై మరో అంతస్తు వేయడం, పెరటి వైపు గదులు కలుపుకోవడం సర్వసాధారణమైనది. అయితే ఒకరి ఇంటికి పెరిగిన గది మరొకరి ఇంటికి తగ్గిన వెలుతురు కావచ్చు. స్లాబు సెంట్రింగు మొదలైన మరునాడే మున్సిపల్ కార్యాలయానికి ఫిర్యాదు చేరడం, ఆ తరువాత పోలీసు స్టేషన్, సివిల్ న్యాయస్థానం, ఏళ్ల తరబడి వైరం – ఈ క్రమం పట్టణ ప్రణాళికా విభాగంలో పనిచేసే వారందరికీ సుపరిచితమే.

ఇరుగుపొరుగు అభ్యంతరాలన్నీ ఒకే కోవకు చెందినవి కావు. కొన్నింటిని భవన నిర్మాణ నిబంధనలు తేల్చుతాయి. కొన్నింటిని సివిల్ న్యాయస్థానాలు మాత్రమే తేల్చగలవు. మరికొన్నింటిని ఈ రెండూ తేల్చలేవు. వాటికి పరస్పర అవగాహనే ఆధారం. ఏ అభ్యంతరం ఏ కోవలోనికి వస్తుందో పని మొదలుపెట్టక ముందే గుర్తించినట్లయితే పెక్కు వివాదాలు కార్యాలయాల వరకు రావు. గుర్తించకపోతే, వెలుతురు తగ్గిందన్న బాధ సెట్‌బ్యాక్ ఫిర్యాదుగాను, హద్దు తగాదా అక్రమ నిర్మాణ ఫిర్యాదుగాను రూపు మార్చుకుని, అసలు సమస్య అలాగే ఉండిపోతుంది.

స్వీయ ధ్రువీకరణ విధానంతో మారిన పరిస్థితి

గతంలో ఇంటి ప్లాను మున్సిపల్ కార్యాలయంలో దాఖలైన తరువాత సిబ్బంది స్థలానికి వెళ్లి పరిశీలించి, ఆ పిమ్మట అనుమతి ఇచ్చేవారు. ఆ పరిశీలన సమయంలోనే పొరుగువారికి విషయం తెలిసేది; అభ్యంతరం ఉంటే అప్పుడే వ్యక్తమయ్యేది. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ఈ క్రమాన్ని మార్చివేసినది. ఆ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు మించని నివాస గృహానికి నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు గల నివాస భవనాలకు యజమాని ఇచ్చే స్వీయ ధ్రువీకరణ ఆధారంగా తక్షణ అనుమతి లభిస్తుంది. స్థల పరిశీలన అనుమతి తరువాత జరుగుతుంది.

ఈ సంస్కరణ వలన సామాన్యునికి కార్యాలయాల చుట్టూ తిరిగే శ్రమ తప్పినది. అదే సమయంలో ఒక బాధ్యత అతని భుజాలపైకి వచ్చినది. ప్లాను నిబంధనలకు లోబడి ఉన్నదని చెప్పేది ఇప్పుడు యజమానియే. ఆ మాట తప్పని తేలినట్లయితే అనుమతి రద్దు, జరిమానా, కూల్చివేత వంటి చర్యలు అతనినే తాకుతాయి. అంతకంటే గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. తక్షణ అనుమతి విధానంలో పొరుగువాని అభ్యంతరమే అనేక సందర్భాలలో ఆ ప్లానుకు జరిగే మొదటి నిశిత పరీక్ష అవుతున్నది. అప్పటికే ఇటుక, ఇసుక, ఇనుము వచ్చి ఉంటాయి. అప్పు తెచ్చి ఉంటారు. కనుక దరఖాస్తు చేయడానికి ముందే పొరుగువారితో మాట్లాడడం మర్యాద మాత్రమే కాదు, పెట్టుబడికి రక్షణ కూడా.

మొదటి కోవ: నిబంధనలు తేల్చే అభ్యంతరాలు

హద్దు నుంచి వదలవలసిన ఖాళీ స్థలం, ఎత్తు, అంతస్తుల సంఖ్య, భవన వినియోగం – ఇవి మున్సిపల్ అధికారుల పరిధిలోని విషయాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జి.ఓ. 168 ఈ కొలతలకు ఆధారం. తెలంగాణలో అది తదనంతర సవరణలతో అమలులో ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 2017 మార్చి 28 నాటి జి.ఓ. 119 ద్వారా వేరుగా నిబంధనలు రూపొందినవి. కనుక ఏ రాష్ట్రంలోని ఇంటికి ఆ రాష్ట్రపు కొలతలను, తాజా సవరణలతో సహా చూసుకోవలసి ఉంటుంది.

పై అంతస్తు వేసేవారు తరచుగా విస్మరించే అంశం ఒకటి ఈ కొలతలలోనే ఉన్నది. పక్కలకు వదలవలసిన ఖాళీ స్థలం విస్తీర్ణాన్ని బట్టి మాత్రమే కాక, భవనం ఎత్తును బట్టి కూడా మారుతుంది. 2012 నాటి పట్టిక ప్రకారం 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కడితే పక్కలకు 1 మీటరు వదలాలి. ఎత్తు 10 మీటర్లకు చేరేటట్లయితే 1.5 మీటర్లు వదలాలి. ఉదాహరణకు 300 గజాల స్థలం అంటే సుమారు 251 చదరపు మీటర్లు. ఆ స్థలంలో పదిహేనేళ్ల క్రితం ఒక అంతస్తుపై మరొకటి చొప్పున, పక్కలకు మీటరు వదలి కట్టిన ఇల్లు ఆనాటి ఎత్తుకు సక్రమమే. దానిపై ఇప్పుడు మూడవ అంతస్తు లేపితే, కింది గోడలు ఒక్క అంగుళం కూడా కదలకపోయినా, అర మీటరు లోటు ఏర్పడుతుంది. యజమాని దృష్టిలో అది పాత గోడలపై కట్టిన కొత్త గది. నిబంధనల దృష్టిలో అది ఎత్తు పెరిగిన భవనం. "మా ఇంటికి అనుమతి ఎప్పుడో వచ్చింది" అనే సమాధానం ఇక్కడ చెల్లదు. ఈ లెక్కను లైసెన్సు పొందిన ఇంజినీరు చేత దరఖాస్తుకు ముందే చూపించుకోవాలి.

ఖాళీగా వదలిన స్థలంపైకి చొచ్చుకువచ్చే నిర్మాణాలు మరో ప్రధాన ఫిర్యాదు. ఎత్తు తక్కువగల సాధారణ భవనాలలో తప్పనిసరి ఖాళీ స్థలంపైకి బాల్కనీలు, వసారాలు రాకూడదు. కిటికీలపై వేసే సన్‌షేడ్లు 60 సెంటీమీటర్లు మించకూడదు. గోడ సక్రమంగా ఉండి, బాల్కనీ ముందుకు వచ్చినందుకే ఫిర్యాదుకు గురైన ఇళ్లు ఎన్నో. పక్కవాటా స్థలంలో మెట్లు, స్నానాల గది, రేకుల షెడ్డు వేయడం కూడా ఇదే కోవలోనికి వస్తుంది.

ఈ కోవకు చెందిన అభ్యంతరానికి యజమాని ఇవ్వదగిన సమాధానం ఒక్కటే: కొలత. వాదన కాదు, పలుకుబడి కాదు. మంజూరైన ప్లాను, టేపు కొలత రెండూ సరిపోలితే అభ్యంతరం అక్కడితో ముగుస్తుంది. సరిపోలకపోతే స్లాబు వేయక ముందే ప్లాను మార్చుకోవడం చౌక. వేసిన తరువాత ఎంతో ఖరీదు. క్రమబద్ధీకరణ పథకం ఏదో ఒకటి వస్తుందిలే అన్న భరోసా సరైనది కాదు. 2007 డిసెంబర్ 31 నాటి జి.ఓ. 901 ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన పథకం గాని, 2015‌లో తెలంగాణలో వచ్చిన పథకం గాని నిర్ణీత తేదీకి ముందు జరిగిన కట్టడాలకు ఉద్దేశించినవి. అనధికార కట్టడాలను కేవలం కాలయాపన వలననో, పెట్టిన ఖర్చును చూసియో సక్రమం చేయరాదని సర్వోన్నత న్యాయస్థానం 2024 డిసెంబర్ 17న రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో స్పష్టం చేసినది. నిర్మాణం జరుగుతున్నంత కాలం మంజూరైన ప్లానును స్థలంలో ప్రదర్శించాలని కూడా అదే తీర్పులో ఆదేశించినది. పొరుగువారి సందేహాలను తొలగించడానికి ఇంతకంటే సులభమైన సాధనం మరొకటి లేదు.

రెండవ కోవ: న్యాయస్థానం తేల్చే అభ్యంతరాలు

హద్దు ఎక్కడ ఉన్నది, ఉమ్మడి గోడ ఎవరిది, సందు ఎవరి స్వాధీనంలోనిది అనే ప్రశ్నలకు భవన అనుమతి సమాధానం కాదు. అనుమతి ఇచ్చే అధికారి దస్తావేజులను పైకి కనిపించినంత వరకే చూస్తారు, యాజమాన్యాన్ని తేల్చరు. కనుక "మున్సిపాలిటీ అనుమతి ఇచ్చింది కాబట్టి స్థలం నాదే" అనే వాదన ఎంత తప్పో, "స్థలంపై తగాదా ఉన్నది కాబట్టి మున్సిపాలిటీయే తీర్పు చెప్పాలి" అనే ఫిర్యాదు కూడా అంతే తప్పు. హద్దు సందేహం ఉన్నచోట ఇరువురి సమక్షంలో సర్వే చేయించుకుని, గుర్తు రాళ్లు నాటించి, ఆ కొలతల పటంపై ఇద్దరి సంతకాలు తీసుకోవడం ఉత్తమం.

వెలుతురు, గాలి విషయంలో 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం స్పష్టమైన సూత్రాలు నిర్దేశించినది. ఒకరి స్థలం మీదుగా మరొకరు పొందే పరిమితమైన ప్రయోజనమే ఈజ్‌మెంటు హక్కు. ఒక భవనంలోని కిటికీ ద్వారా వెలుతురు, గాలి 20 సంవత్సరాల పాటు అడ్డంకి లేకుండా, శాంతియుతంగా, హక్కుగా పొందినట్లయితే 15వ సెక్షన్ కింద అది చట్టబద్ధమైన హక్కుగా స్థిరపడుతుంది. అయితే ఈ హక్కుకు పరిమితులు ఉన్నవి.

మొదటిది: హక్కు కిటికీకే గాని ఖాళీ స్థలానికి కాదు. పెరటిలోనికి, ఆరుబయలు డాబాపైకి ఎండ రావడం లేదన్నది ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఈ విధంగా హక్కు కాబోదని 17వ సెక్షన్ చెబుతున్నది. రెండవది: ఆ కిటికీ గుండా ఆ 20 ఏళ్లూ ఎంత వెలుతురు వచ్చినదో అంత వరకే హక్కు. మధ్యలో కిటికీని పెద్దది చేసుకుని, పెరిగిన వెలుతురుకు కూడా రక్షణ కోరడం కుదరదు. మూడవది: కొంత వెలుతురు తగ్గినంత మాత్రాన దావా నిలవదు. 33వ సెక్షన్ ప్రకారం నష్టం గణనీయమైనదిగా ఉండాలి. నివసించేవారి శారీరక సౌఖ్యానికి చెప్పుకోదగిన భంగం కలగడం, ఆస్తి విలువ చెప్పుకోదగినంతగా తగ్గడం, అక్కడ జరుపుకుంటున్న వృత్తి మునుపటి వలె సాగకపోవడం వంటివి ఇందుకు కొలమానాలు. పగటిపూట కూడా దీపం వెలిగించుకోవలసి వచ్చే వంటగది, కుట్టుపని చేసుకునే గదికి ఉన్న ఒకే కిటికీ మూసుకుపోవడం వంటి పరిస్థితులను న్యాయస్థానం ఈ కొలమానాలతోనే తూచుతుంది.

ఆంతరంగికత విషయం మరింత సున్నితమైనది. పొరుగింటి ఆడవారు మెలిగే చోటికి ఎదురుగా కొత్త కిటికీ తెరవడంపై మన పట్టణాలలో తగాదాలు కొత్తవి కావు. స్థానిక ఆచారం రుజువైన చోట అటువంటి కిటికీని నిరోధించే హక్కు ఉండవచ్చునని అదే చట్టంలోని 18వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ తెలుపుతున్నది. ఆచారాన్ని రుజువు చేయవలసిన భారం మాత్రం ఆ హక్కును కోరేవారిదే.

నేల ఆధారం మరో ముఖ్యమైన అంశం. పక్క స్థలం నుంచి సహజంగా లభించే ఆధారం తన నేలకు కొనసాగాలని కోరడం ప్రతి భూ యజమాని హక్కు. హద్దును ఆనుకుని సంపు, సెప్టిక్ ట్యాంకు, కొత్త పునాది కోసం లోతుగా తవ్వినప్పుడు పక్క ఇంటి గోడకు బీటలు వస్తే తవ్వినవారు జవాబుదారీ కావలసి ఉంటుంది. పొరుగింటి పునాది లోతు తెలియకుండా తవ్వకం మొదలుపెట్టరాదు. నల్లరేగడి నేలలు ఉన్న చోట్ల, తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోయే గుణం వలన ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

మూడవ కోవ: మాటతో తేలే అభ్యంతరాలు

కొత్త అంతస్తు వలన తమ డాబాపై నుంచి చెరువు గాని, గుట్ట గాని, గుడి గోపురం గాని కనిపించకుండా పోతున్నదని అనేవారు ఉంటారు. కేవలం దృశ్యానికి చట్టం రక్షణ ఇవ్వదు. ఈశాన్యం వైపు ఎత్తు పెరిగిందని వాస్తు అభ్యంతరం తెలిపేవారు ఉంటారు. భవన నిబంధనలలో దానికి స్థానం లేదు. అద్దెకు ఉన్నవారు పెరుగుతారని, వీధిలో వాహనాలు నిలపడానికి చోటు చాలదని, దుమ్ము, చప్పుడు భరించలేమని చెప్పేవారు ఉంటారు.

చట్టం ఆదుకోదు కాబట్టి ఇవి పట్టించుకోనవసరం లేని మాటలని అనుకోరాదు. అధికారుల వద్దకు వచ్చే అనేక సెట్‌బ్యాక్ ఫిర్యాదుల వెనుక ఉన్న అసలు బాధ ఈ కోవకు చెందినదే. ఇసుక కుప్ప తమ గేటుకు అడ్డంగా పోశారని మొదలైన కోపం, చివరకు అర మీటరు లోటును వెతికి పట్టుకుంటుంది. కనుక మూడవ కోవను ఆదిలోనే చక్కదిద్దుకున్న యజమానికి మొదటి కోవ ఫిర్యాదులు తగ్గుతాయి.

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. పొరుగింటి వైపు కిటికీని కంటి ఎత్తుకు పైన వెంటిలేటరుగా మార్చడం, లేదా ఆవలి వైపు కనిపించని అద్దం బిగించడం. డాబా నీరు పక్క పెరటిలో పడకుండా గొట్టం ద్వారా తమ స్థలంలోని ఇంకుడు గుంతకు మళ్లించడం. ఏసీ యంత్రం వేడి గాలి పక్క పడకగదికి తగలకుండా అమర్చడం. చప్పుడు చేసే పనిని పగటి వేళలకే పరిమితం చేయడం – ఇవన్నీ ప్లాను దశలో దాదాపు ఉచితం. చప్పుడు విషయంలో చట్టం కూడా కొంత తోడున్నది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు రాత్రి వేళగా పరిగణిస్తారు. నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి.

యజమాని పాటించదగిన క్రమం

1. దరఖాస్తుకు ముందే మూడు వైపుల పొరుగువారి ఇళ్లకు వెళ్లి ప్లానును చూపాలి. ఎత్తు ఎంత, కిటికీలు ఎటు, నీరు ఎటు పోతుంది, పని ఎన్ని నెలలు – ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలి. ఇంటి పెద్దతో మాత్రమే కాక, పగలంతా ఇంట్లో ఉండే వారితో కూడా మాట్లాడాలి. వెలుతురు తగ్గినా, దుమ్ము పెరిగినా ముందుగా తెలిసేది వారికే.

2. పాత ఇల్లు కొత్త బరువు మోయగలదా అన్నది అర్హతగల స్ట్రక్చరల్ ఇంజినీరు చేత పరిశీలింపజేయాలి. పిల్లర్ల నుంచి చువ్వలు పైకి వదిలి ఉన్నంత మాత్రాన పునాది సరిపోతుందని భావించరాదు. ఈ నివేదిక పొరుగువారి భయాన్ని కూడా తొలగిస్తుంది.

3. పని మొదలుపెట్టక ముందే పక్క ఇళ్ల గోడలను, ప్రహరీని, ఉన్న బీటలతో సహా ఫొటోలు తీసి, తేదీ వేసి, ఒక ప్రతిని వారికే ఇవ్వాలి. తరువాత బీట కనిపించినప్పుడు అది పాతదా కొత్తదా అన్న వాదనకు తావుండదు. నిజంగా కొత్త బీట వస్తే బాగుచేయించే బాధ్యత తమదని ముందే చెప్పాలి.

4. పరంజా కోసం గాని, ప్లాస్టరింగు కోసం గాని పొరుగువారి స్థలంలో అడుగుపెట్టవలసి వస్తే అనుమతి అడగాలి. ఎన్ని రోజులు, ఏ వేళలు అన్నది కాగితంపై రాసుకోవాలి. మేస్త్రీకి, కూలీలకు కూడా ఆ హద్దులు తెలియాలి.

5. కుదిరిన అవగాహనను ఒక పేజీలో రాసి ఇరువురూ సంతకాలు చేయాలి. అయితే ఒక విషయం గుర్తుంచుకోవాలి. పొరుగువాని సమ్మతి నిబంధనల ఉల్లంఘనను సక్రమం చేయదు. "ఆయనకు అభ్యంతరం లేదు" అన్న పత్రం సెట్‌బ్యాక్‌కు ప్రత్యామ్నాయం కాదు. రేపు ఆ ఇల్లు చేతులు మారవచ్చు. కొత్త యజమాని ఫిర్యాదు చేయవచ్చు.

6. అన్నీ సక్రమంగా ఉన్నా పొరుగువారు దావా వేయగలరన్న అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ సెక్షన్ కింద కేవియట్ దాఖలు చేసుకోవచ్చు. దాని వలన తమకు నోటీసు ఇవ్వకుండా తాత్కాలిక ఉత్తర్వు వెలువడే అవకాశం తగ్గుతుంది. కేవియట్ 90 రోజుల వరకే అమలులో ఉంటుంది.

అభ్యంతరం తెలిపేవారి బాధ్యత

అభ్యంతరం చెప్పడం పౌరుని హక్కు. తమ నివాస ప్రాంతంలో నిబంధనలకు విరుద్ధంగా లేచిన కట్టడాన్ని ప్రశ్నించే హక్కు ఆ ప్రాంత నివాసులకు ఉన్నదని సర్వోన్నత న్యాయస్థానం 1974లోనే ఉడుపి పట్టణానికి చెందిన కె. రామదాస్ షెణాయ్ కేసులో గుర్తించినది. కల్యాణ మంటపంగా అనుమతి పొందిన భవనాన్ని నివాస ప్రాంతంలో సినిమా హాలుగా మార్చడంపై ఆ వివాదం నడిచినది.

ఆ హక్కుకు సమయపాలన ముఖ్యం. పునాది నుంచి స్లాబు వరకు చూస్తూ ఊరకుండి, గృహప్రవేశం నాడు న్యాయస్థానాన్ని ఆశ్రయించేవారికి ఉపశమనం కష్టమవుతుంది. ఉల్లంఘనను తెలిసి సహించినవారికి నిషేధాజ్ఞ ఇవ్వరాదని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 41వ సెక్షన్ చెబుతున్నది. అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా, నిర్దిష్టంగా తెలపాలి. "అక్రమంగా కడుతున్నారు" అని రాయడం కంటే "తూర్పు వైపు మంజూరైన ప్లానులో 1.5 మీటర్లు, స్థలంలో 1 మీటరు" అని రాయడం వలన అధికారి చర్య తీసుకోగలుగుతారు. మంజూరైన ప్లాను నకలు కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా 30 రోజులలోగా సమాధానం ఇవ్వవలసి ఉంటుంది.

ఫిర్యాదును బేరసారాలకు వాడుకునే ధోరణి కూడా కొన్నిచోట్ల కనిపిస్తున్నది. డబ్బు ఇస్తే ఫిర్యాదు ఉపసంహరించుకుంటామనేవారు నిజమైన బాధితులకే ఎక్కువ హాని చేస్తున్నారు. ఇటువంటి ఫిర్యాదులు పెరిగినకొద్దీ, వంటగదికి వెలుతురు పోయిన గృహిణి అర్జీని కూడా అనుమానంతో చూసే పరిస్థితి ఏర్పడుతుంది.

అధికారులు గమనించవలసిన అంశాలు

ఫిర్యాదు అందిన వెంటనే అది ఏ కోవకు చెందినదో నమోదు చేయడం ప్రథమ కర్తవ్యం. కొలతకు సంబంధించినదైతే ఇరుపక్షాల సమక్షంలో కొలిచి పంచనామా రాయాలి. హద్దు, ఈజ్‌మెంటు వివాదమైతే అది సివిల్ న్యాయస్థానం పరిధిలోనిదని ఫిర్యాదుదారునికి లిఖితపూర్వకంగా తెలపాలి. సమాధానం లేని అర్జీయే ప్రజావాణికి పదే పదే తిరిగి వస్తుందన్నది అనుభవం.

తప్పుడు సమాచారంతో అనుమతి పొందినట్లు తేలితే రద్దుచేసే అధికారం ఉన్నది. గ్రేటర్ హైదరాబాద్‌కు రూపొందిన 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టంలో 450వ సెక్షన్ ఇందుకు ఉద్దేశించినది. అయితే కూల్చివేత విషయంలో తొందరపాటు తగదు. 2024 నవంబర్ 13న సర్వోన్నత న్యాయస్థానం దేశవ్యాప్తంగా వర్తించే మార్గదర్శకాలు ఇచ్చినది. వాటి ప్రకారం ముందుగా కారణాలు చూపమని నోటీసు ఇచ్చి 15 రోజుల గడువు ఇవ్వాలి. యజమాని వాదన వినాలి. తుది ఉత్తర్వు అందిన తరువాత కూడా 15 రోజుల వరకు దానిని అమలుచేయరాదు. రహదారి, కాలిబాట వంటి బహిరంగ స్థలాలలోను, జలవనరులలోను వెలసిన అనధికార కట్టడాలకు, న్యాయస్థానమే కూల్చివేతకు ఆదేశించిన సందర్భాలకు ఈ మార్గదర్శకాలు వర్తించవు. ఫిర్యాదుదారుని ఒత్తిడికి లోనై ఈ క్రమాన్ని దాటవేసిన అధికారి సక్రమమైన కేసును కూడా కోల్పోవలసి వస్తుంది.

పాత్రికేయ మిత్రులకు

పక్కింటి తగాదాలు పత్రికలలో తరచుగా "అక్రమ నిర్మాణం" అన్న శీర్షికతో వెలువడుతుంటాయి. వార్త రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. మంజూరైన ప్లాను ఏమి చెబుతున్నది? స్థలంలో కొలత ఎంత ఉన్నది? ఫిర్యాదుదారుని బాధ ఆ కొలతకు సంబంధించినదేనా, లేక వేరొకటా? నోటీసు జారీ కావడం ఉల్లంఘన రుజువు కావడంతో సమానం కాదు. అదే విధంగా తాత్కాలిక నిషేధాజ్ఞ తుది తీర్పు కాదు. ఈ తేడాలను వార్త చదివిన పాఠకుడు గ్రహించగలిగితే, అతడు తన ఇంటి విషయంలో కూడా సరైన తలుపు తడతాడు.

రాజీ మార్గం

దావా వేయక ముందే వివాదాన్ని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు తీసుకువెళ్లే వీలున్నది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడ కుదిరిన రాజీ సివిల్ న్యాయస్థానం డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. అప్పటికే దావా నడుస్తూ ఉంటే, చెల్లించిన కోర్టు ఫీజు కూడా చట్ట ప్రకారం వాపసు వస్తుంది. మహిళలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు తదితరులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు.

లోక్ అదాలత్‌లో సాధ్యమయ్యే పరిష్కారం తీర్పులో సాధ్యం కాకపోవచ్చు. హక్కు ఉన్నదా లేదా అన్నంత వరకే తీర్పు చెబుతుంది. కిటికీని మూడు అడుగులు పక్కకు జరపడం, డాబాపై నీళ్ల ట్యాంకును మరో మూలకు మార్చడం, ఉమ్మడి గోడ ఖర్చును చెరిసగం భరించడం వంటివి రాజీలో మాత్రమే కుదురుతాయి. నిబంధనలకు విరుద్ధమైనదేదీ రాజీలో కూడా చేర్చరాదన్నది మాత్రం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అంతస్తు కట్టడానికి పట్టేది కొన్ని నెలలు. ఆ తరువాత రెండు కుటుంబాలు ఒకే ప్రహరీకి ఇటూ అటూ దశాబ్దాల పాటు నివసించవలసి ఉంటుంది. అప్పుచేసి కట్టుకున్న గది సీలు పడకుండా కాపాడుకోవడం ఎంత అవసరమో, పక్కింటి వంటగదికి ఇరవై ఏళ్లుగా వస్తున్న వెలుతురును నిలపడం కూడా అంతే అవసరం. ఈ రెండింటికీ తగిన సమయం సిమెంటు బస్తాలు రాక ముందే. ప్లాను కాగితం మీద ఉన్నంత కాలం కిటికీని రబ్బరుతో చెరిపి మరోచోట గీయవచ్చు.